పారేసిన డ్రమ్ములు, పాడైన నేల: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

రసాయన వ్యర్థాల మీద ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం సంగారెడ్డి, మేడ్చల్, అనకాపల్లి జిల్లాల నుంచే. మందుల ఫ్యాక్టరీలూ, వాటికి ముడిసరుకు చేసే చిన్న యూనిట్లూ ఉన్నచోట ఈ ప్రశ్నలు రాక తప్పదు. ఒకే తరహావి కలిపేసి ఆరింటికి జవాబిస్తున్నాం.

ప్రశ్న: మా ఊరి శివారులో వదిలేసిన రాళ్ల క్వారీ ఉంది. ఎవరో రాత్రిపూట లారీలో తెచ్చి నలభై దాకా డ్రమ్ములు అందులో పడేసి పోయారు. కొన్ని నీలం ప్లాస్టిక్‌వి, కొన్ని ఇనుపవి. రెండు మూడు కారుతున్నాయి, ఘాటు వాసన వస్తోంది. పిల్లలూ పశువులూ అటే తిరుగుతారు. పంచాయతీ ట్రాక్టర్ పెట్టి ఊరికి దూరంగా తరలిద్దామని వార్డు సభ్యులు అంటున్నారు. సరేనా?
(ఒక సర్పంచ్, సంగారెడ్డి జిల్లా)

జవాబు: వద్దు సర్పంచ్ గారూ. ట్రాక్టర్ ఆలోచన ఇక్కడితో ఆపేయండి. లోపల ఏముందో తేలేదాకా ఆ డ్రమ్ములు ఉన్నచోట ఉండటమే క్షేమం.

ఎండకూ వానకూ పడి ఉన్న ఇనుప డ్రమ్ము పైనుంచి చూస్తే గట్టిగానే కనిపిస్తుంది. తుప్పు తినేది అడుగున, నేలకు ఆనిన అంచు దగ్గర. ఎత్తగానే అడుగు ఊడి రెండు వందల లీటర్లూ పట్టుకున్నవాళ్ల కాళ్ల మీద పడతాయి. ప్లాస్టిక్ డ్రమ్ముకు తుప్పు లేకపోయినా ఎండకు పెళుసెక్కి పగులుతుంది. ఇక ట్రాలీలో అన్నీ కలిపి వేశారంటే ఒకదాంట్లోంచి కారే యాసిడ్, ఇంకోదాంట్లోని సల్ఫైడ్ కలిసి హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు పుట్టొచ్చు. సైనైడ్‌కు యాసిడ్ తగిలితే ఇంకా ఘోరం. 2022 జనవరిలో సూరత్ దగ్గర సచిన్ పారిశ్రామికవాడలో ట్యాంకర్‌లోని రసాయన వ్యర్థాన్ని దొంగచాటుగా కాలువలోకి వదిలినప్పుడు విషవాయువు లేచి ఆరుగురు ప్రాణాలు పోయాయి. ఇవి కాక చట్టం సంగతి ఒకటుంది. 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం ఇలాంటి సరుకు మేనిఫెస్ట్ (ఎక్కడినుంచి ఎక్కడికి ఏం పోతోందో రాసే రవాణా పత్రం) లేకుండా కదలకూడదు. ట్రాక్టర్‌లో తరలిస్తే పంచాయతీయే అక్రమ రవాణాదారు అవుతుంది, పైగా పారేసినవాడిని పట్టించే ఆధారాలు మీ చేతులతోనే చెరిగిపోతాయి.

ముందు గాలి ఎటు వీస్తోందో చూడండి. ఏమిటో తెలియని రసాయనం కారుతున్నప్పుడు అన్ని వైపులా కనీసం 100 మీటర్లు ఖాళీ చేయించాలన్నది అత్యవసర సిబ్బంది పాటించే లెక్క. అక్కడ తాడు కట్టించి, గాలి వచ్చే వైపున మనుషుల్ని కాపలా పెట్టండి. గాలి పోయే వైపు ఇళ్లుంటే వాళ్లను ఇంకాస్త ఎడంగా పంపండి. బీడీ, అగ్గిపుల్ల, ఆ దరిదాపుల్లో బండి స్టార్ట్ చేయడం, ఏదీ వద్దు. అన్నిటికన్నా ముఖ్యం, క్వారీ గుంతలోకి ఎవర్నీ దిగనివ్వకండి. సాల్వెంట్ల (వేరే పదార్థాలను కరిగించడానికి వాడే ద్రవాల) ఆవిరి దాదాపు ఎప్పుడూ గాలికన్నా బరువు. గుంత అడుగున పేరుకుంటుంది, గట్టు మీద నిలబడినవాడికి తెలియదు. ఒకడు దిగి పడిపోతే వాడిని లాగడానికి దిగిన రెండోవాడూ పడిపోతాడు.

112కు ఫోన్ చేసి పోలీసులనూ అగ్నిమాపక దళాన్నీ పిలవండి. అదే రోజు కాలుష్య నియంత్రణ మండలి, అంటే పీసీబీ ప్రాంతీయ కార్యాలయానికీ, తహసీల్దారుకూ, కలెక్టర్‌కూ రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. ఫోన్‌తో సరిపెట్టొద్దు. గట్టు మీదినుంచే మొబైల్‌లో జూమ్ చేసి ఫొటోలు తీయండి. లేబుల్ ముక్క, బ్యాచ్ నంబరు, ఎర్రటి లేదా పసుపు రంగు డైమండ్ గుర్తు, రసాయనం ఏదో చెప్పే నాలుగంకెల యూఎన్ నంబరు, వీటిలో ఏది దొరికినా సగం పని అయినట్టే. లారీ టైరు గుర్తుల మీద ఎవరూ నడవకుండా చూడండి. దారిలోని పెట్రోల్ బంకు, దాబా, గోదాముల సీసీ కెమెరాల రికార్డు కొద్ది రోజులకే చెరిగిపోతుంది కాబట్టి పోలీసులు ముందు దాన్ని తీసుకునేలా అడగండి.

చూపుకు ఆనే గుర్తులు కొన్ని వచ్చినవాళ్లకు చెప్పండి. మూత పొంగిన డ్రమ్ములో ఒత్తిడి ఉంది, మధ్యాహ్నం ఎండకు అది పెరుగుతుంది. పక్కలు లోపలికి నొక్కుకుపోయిన దాంట్లో శూన్యం ఏర్పడింది. మూత చుట్టూ తెల్లని లేదా పసుపు స్ఫటికాలు కట్టి ఉంటే అన్నిటికన్నా భయపడాల్సింది దానికే. ఈథర్, టీహెచ్ఎఫ్ (టెట్రాహైడ్రోఫ్యూరాన్) లాంటి సాల్వెంట్లు నిలవ ఉండి పెరాక్సైడ్ స్ఫటికాలుగా మారతాయి. మూత తిప్పిన రాపిడికే పేలతాయి. వాటిని బాంబు నిర్వీర్య దళం తప్ప ఎవరూ తాకకూడదు.

వాన వచ్చేలా ఉంటే మీరు చేయగలిగింది ఒకటుంది. ఎగువన, తాడుకు బయటే, చిన్న కాలువ తవ్వించి వాననీరు క్వారీలోకి పోకుండా పక్కకు మళ్లించండి. కారిన దాని మీద నీళ్లు కొట్టడం, సున్నం చల్లడం, రంపపు పొట్టు పోయడం చేయవద్దు. అది ఆక్సీకరణ రసాయనం అయితే రంపపు పొట్టు దానంతటదే అంటుకుంటుంది. ఒంటి మీద పడినవాళ్లుంటే బట్టలు తీసేసి పావుగంటకు తగ్గకుండా ధారగా నీళ్లు పోసి, తర్వాత ఆసుపత్రికి పంపండి.

ప్రశ్న: పాత సామాన్ల వ్యాపారి దగ్గర నీలం ప్లాస్టిక్ డ్రమ్ము కొన్నాం. సబ్బు, వాషింగ్ సోడా వేసి రుద్ది కడిగి వారం ఎండబెట్టాం. ఇప్పుడు వాసన లేదు. నీళ్లకూ బియ్యానికీ వాడుకోవచ్చా?
(ఒక గృహిణి, జడ్చర్ల)

జవాబు: వాడవద్దమ్మా. ఈ డ్రమ్ము చేసిన ప్లాస్టిక్ సాల్వెంట్లను తన గోడలోకే పీల్చుకుంటుంది. కడిగితే పోయేది లోపలి పూత మాత్రమే. గోడలో ఇంకింది నెలల తరబడి నీళ్లలోకి దిగుతూనే ఉంటుంది. వాసన లేదన్నది నమ్మదగిన గుర్తు కాదు. రసాయనాలు పోసిన ఖాళీ డ్రమ్ములనే 2016 నిబంధనల మొదటి షెడ్యూలు ప్రమాదకర వ్యర్థంగా లెక్కగట్టింది. వాటిని శుద్ధిచేసే అనుమతి ఉన్న యూనిట్లకే అమ్మాలి. ఆహార పదార్థాలకు వాడినదని రుజువు లేని డ్రమ్ము ఏదైనా ఇంట్లోకి రానివ్వవద్దు, మొక్కలకు పోసే నీళ్లకు కూడా.

ఈ మాట పాత ఇనుము కొట్లవాళ్లు కూడా వినాలి. ఖాళీ ఇనుప డ్రమ్మును గ్యాస్ కట్టర్‌తోనో గ్రైండర్‌తోనో కోయడం నిండు డ్రమ్మును కోయడం కన్నా ప్రమాదం. టోలీన్ అనే సాల్వెంట్ ఆవిరి గాలిలో 1.1 శాతం చేరితే నిప్పురవ్వకు పేలుతుంది. లెక్క వేస్తే, రెండు వందల లీటర్ల డ్రమ్ములో అంత ఆవిరి నిండడానికి అడుగున మిగిలిన 10 మిల్లీలీటర్లు, అంటే రెండు టీస్పూన్లు చాలు.

ప్రశ్న: మూతపడిన బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) యూనిట్‌ను బ్యాంకు వేలంలో కొన్నాం. వెనక షెడ్డులో 140 డ్రమ్ములున్నాయి, సగానికి పైగా లేబుళ్లు లేవు. ఒక కాంట్రాక్టర్ వచ్చి, అన్నీ ఒక ట్యాంకర్‌లో పోసి వారంలో ఖాళీ చేయిస్తానంటున్నాడు. ధర కూడా చాలా తక్కువ చెబుతున్నాడు.
(ఒక చిన్న పరిశ్రమ యజమాని, మేడ్చల్)

జవాబు: ఆ ధర తక్కువ ఎందుకంటే ఆ ట్యాంకర్ పోయేది ఏ చెరువు గట్టుకో, ఏ క్వారీకో. పైన సర్పంచ్ గారు రాసింది అలాంటి బేరం తర్వాతి కథే. ఇంకా ముందే ప్రమాదం పొంచి ఉంది. ఒకదానితో ఒకటి సరిపడనివి ట్యాంకర్‌లో కలిస్తే అది మీ గేటు దాటకముందే వేడెక్కి పొంగుతుంది.

షెడ్డు తాళం తీసేలోపు కాగితాలు తిరగేయండి. పాత యూనిట్‌కు పీసీబీ ఇచ్చిన అనుమతి పత్రంలో ఏ వ్యర్థం ఎంత పుడుతుందో రాసి ఉంటుంది. ఫారం 3 రిజిస్టరు, ఫారం 4 వార్షిక నివేదిక, స్టోర్స్ ఇన్‌వర్డ్ పుస్తకం, బ్యాచ్ రికార్డులు చూస్తే ఏ ఏ సాల్వెంట్లు, ఏ ఏ ఉత్ప్రేరకాలు వాడారో తెలిసిపోతుంది. పాత ప్రొడక్షన్ కెమిస్టు ఒకరు దొరికి గంట మాట్లాడితే ల్యాబు పరీక్షల ఖర్చు చాలా తగ్గుతుంది. ఆయన్ని ముఖ్యంగా ఐదు పేర్లు అడగండి. సోడియం అజైడ్ వాడారా? థయొనైల్ క్లోరైడ్, ఫాస్ఫరస్ ఆక్సీక్లోరైడ్ వాడారా? రేనీ నికెల్ కానీ పల్లేడియం కార్బన్ కానీ వాడారా? మొదటిది యాసిడ్ తగిలితే విషవాయువు ఇస్తుంది, ఎండీసీ (మిథిలీన్ డైక్లోరైడ్ అనే సాల్వెంట్)తో కలిస్తే పేలే పదార్థం పుట్టొచ్చు. తర్వాతి రెండూ నీటి చుక్కకే భగ్గుమని హైడ్రోజన్ క్లోరైడ్ పొగ చిమ్ముతాయి. చివరి రెండూ తడి ఆరిపోతే గాలికే నిప్పంటుకుంటాయి.

పని మాత్రం అధీకృత సంస్థతోనే చేయించండి. దుండిగల్‌లో ఉమ్మడి ప్రమాదకర వ్యర్థాల శుద్ధి, నిక్షేప కేంద్రం ఉంది, ఆంధ్రలో అయితే పరవాడలో ఉంది. మీరు చేయాల్సింది, ఆ సంస్థవాళ్లు సరిగ్గా చేస్తున్నారా అని చూసుకోవడం. ఏం చూడాలో చెబుతాం.

మనుషులు మూతికి గుడ్డ కట్టుకునో, క్యాట్రిడ్జ్ (గాలిని వడగట్టే డబ్బా) మాస్కు పెట్టుకునో తెలియని డ్రమ్ము తెరుస్తుంటే అక్కడే ఆపండి. క్యాట్రిడ్జ్ ఏ వాయువుకు పనికొస్తుందో, అక్కడి గాలిలో ఆ వాయువు ఉందో లేదో తెలిసినప్పుడే దానికి విలువ. తెలియని డ్రమ్ముకు వీపున సిలిండర్ ఉండే శ్వాస పరికరమే. చేతి తొడుగులు కూడా అంతే. మామూలు నైట్రైల్ గ్లౌజులోంచి ఎండీసీ కొద్ది నిమిషాల్లోనే చర్మానికి చేరుతుంది, పొరలు పొరలుగా ఉండే ల్యామినేట్ గ్లౌజు లోపల ఉండాల్సిందే.

అందరూ తప్పు చేసేది గాలి కొలిచే మీటర్ దగ్గర. పీఐడీ అనే ఆవిరి మీటర్‌లో సాధారణంగా ఉండేది 10.6 ఎలక్ట్రాన్ వోల్టుల దీపం. ఏ ఆవిరి అయనీకరణ శక్తి (అణువులోంచి ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టడానికి కావాల్సిన శక్తి) ఆ దీపం శక్తికన్నా తక్కువో అదే దానికి కనిపిస్తుంది. టోలీన్, ఎసిటోన్, టీహెచ్ఎఫ్, ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) అలా కనిపిస్తాయి. ఎండీసీ అయనీకరణ శక్తి 11.32, క్లోరోఫాం 11.37, మిథనాల్ 10.85. ఈ మూడింటికీ ఆ మీటర్ దాదాపు సున్నా చూపిస్తుంది. 11.7 దీపం పెడితే ఇవి కనిపిస్తాయి, ఎసిటోనైట్రైల్ మాత్రం 12.2 కాబట్టి అప్పటికీ కనిపించదు. మన బల్క్ డ్రగ్ షెడ్డుల్లో ఎక్కువగా దొరికేవి సరిగ్గా ఇవే. సున్నా చూసి మాస్కు తీసేసినవాడు అక్కడే తూలి పడతాడు. అందుకని ఆక్సిజన్ మీటరూ, పేలుడు పరిమితి (పేలడానికి గాలిలో ఉండాల్సిన కనీస ఆవిరి శాతం) మీటరూ పక్కనే ఉండాలి. ఆక్సిజన్ 19.5 శాతం కన్నా తగ్గినా, పేలుడు పరిమితిలో పదో వంతు దాటినా జనం బయటికి రావాలి.

తెరిచే ముందు డ్రమ్ముకు ఎర్తింగ్ క్లిప్పు పెట్టాలి. మూత తిప్పేది నిప్పురవ్వ రాని ఇత్తడి లేదా రాగి మిశ్రమం పానాతో. ఒక్క అజైడ్ అనుమానం ఉన్నచోట మాత్రం ఆ పానా కూడా వద్దు, రాగి తగిలితే పేలే రాగి అజైడ్ ఏర్పడుతుంది. పొంగిన డ్రమ్మును చేత్తో తెరవరు, కవచం వెనకనుంచి దూర నియంత్రణ పరికరంతో ఒత్తిడి వదులుతారు. నమూనాకు పొడవాటి గాజు గొట్టాన్ని మెల్లగా అడుగుదాకా దించి, పైన మూసి తీస్తారు. ఇది హడావుడిగా చేస్తే పని చెడుతుంది. డ్రమ్ములో అడుగున ఎండీసీ, పైన నీళ్లు, మధ్యలో బురద పొరలు పొరలుగా ఉంటాయి. పైపైన ముంచితే మీకు దొరికేది నీళ్లే, కాగితం మీద ఆ డ్రమ్ము నీళ్ల డ్రమ్ము అయిపోతుంది.

ప్రతి నమూనాకూ అక్కడికక్కడే చిన్న పరీక్షలు ఉంటాయి. పీహెచ్ కాగితం, చుక్క నీటిలో వేసి చూడటం, స్టార్చ్ అయొడైడ్ కాగితంతో ఆక్సీకరణ గుణం, పెరాక్సైడ్ పట్టీ, సల్ఫైడ్, సైనైడ్, అంటుకునే గుణం, కాల్చిన రాగి తీగ మంట ఆకుపచ్చగా మారితే క్లోరిన్ ఉన్న సాల్వెంట్. దీన్నిబట్టి 140 డ్రమ్ములు ఏడెనిమిది గుంపులుగా విడిపోతాయి. ఒక గుంపులోవైనా సరే కలిపి పోసే ముందు, ఒక్కో డ్రమ్ము నుంచి కొద్దిగా తీసి బీకరులో కలిపి వేడెక్కుతోందా, బుడగలొస్తున్నాయా, చిక్కబడుతోందా చూడాలి. బీకరులో కలపడాన్ని దాటేసి నేరుగా ట్యాంకర్‌లో పోయనివ్వకండి. కారుతున్న డ్రమ్మును 320 లీటర్ల పెద్ద డ్రమ్ములో నిలువునా దించి, చుట్టూ ద్రవాన్ని పీల్చే వర్మిక్యులైట్ ఖనిజం నింపుతారు. ఎత్తేటప్పుడు బరువు గమనించండి. నీళ్ల డ్రమ్ము 220 కిలోల లోపే ఉంటే, నిండు ఎండీసీ డ్రమ్ము 285 దాకా తూగుతుంది. 250 కిలోల ట్రాలీ ఇరుసు విరిగేది అక్కడే.

గుంపును బట్టి దారి మారుతుంది. బాగా మండే సాల్వెంట్లు సిమెంటు కొలిమికి ఇంధనంగానో, అనుమతి ఉన్న రీసైక్లింగ్ యూనిట్‌కో పోతాయి. క్లోరిన్ ఎక్కువున్నవి సిమెంటువాళ్లు తీసుకోరు, అవి 1,100 డిగ్రీల రెండో గది ఉన్న దహన యంత్రానికే. లోహాల బురదను సిమెంటు, సున్నం కలిపి గట్టిపరిచి భద్రమైన ల్యాండ్‌ఫిల్‌లో పెడతారు. ద్రవంగా ఉన్నది ల్యాండ్‌ఫిల్‌కు పోకూడదు. ప్రతి డ్రమ్ముకూ ఫారం 8 లేబుల్, డ్రైవర్ చేతికి ఫారం 9, లోడుకు ఫారం 10 మేనిఫెస్ట్ ఏడు ప్రతులు. కేంద్రం నుంచి చేరినట్టు సంతకమైన ప్రతి వెనక్కి వచ్చేదాకా మీ బాధ్యత తీరదు. బరువులు సరిపోల్చుకోండి.

ప్రశ్న: మా పొలం పక్కన డ్రమ్ములు పడేస్తే అధికారులు తీసుకెళ్లారు. పది మీటర్ల పొడవు, ఎనిమిది మీటర్ల వెడల్పున నేల నల్లగా జిగటగా ఉంది. సున్నం చల్లి, జేసీబీతో పైమట్టి గీకేసి కొత్త మట్టి పోస్తే సరిపోదా?
(ఒక రైతు, అనకాపల్లి జిల్లా)

జవాబు: నలుపు కనిపించినంత మేరే విషం ఉందనుకోవడం దగ్గరే లెక్క తప్పుతుంది. నూనె, తారు రంగు చూపిస్తాయి. ఎండీసీ, టోలీన్ రంగు లేనివి, ఎటు పోయాయో కంటికి తెలియదు. సున్నం సంగతికొస్తే, యాసిడ్‌ను విరుస్తుంది, సీసం, రాగి లాంటి లోహాలను కొంత కట్టేస్తుంది. సాల్వెంట్లను ఏమీ చేయదు. ఆరు వేలెన్సీ క్రోమియం, ఆర్సెనిక్ ఉంటే సున్నం పడి పీహెచ్ పెరిగినప్పుడు ఇంకా సులువుగా నీళ్లలోకి దిగుతాయి. కాబట్టి పరీక్షకు ముందు సున్నం చల్లడం మందు తెలియకుండా మింగించడమే.

మచ్చ మీదా, దాని చుట్టూ మరో పది మీటర్ల దాకానూ ఐదు మీటర్ల గడులుగా గుర్తుపెట్టి, ప్రతిచోటా 30 సెంటీమీటర్లు, ఒక మీటరు, రెండు మీటర్ల లోతుల్లో నమూనా తీయించండి. మొరం తగిలేదాకా పోవాలి. నల్లరేగడి అయితే ఇంకా జాగ్రత్త. ఎండాకాలంలో మీటరుకు పైగా లోతు నెరలు విచ్చుతుంది, ద్రవం ఆ నెరల్లోంచి సూటిగా దిగిపోతుంది. పైమట్టి శుభ్రంగా ఉండి రెండు మీటర్ల కింద విషం ఉండటం అందుకే. ఎగువ పొలంలోంచి ఏ మచ్చా లేని మట్టి కూడా ఒక నమూనా తీయాలి, లోహాలు సహజంగానే ఎంత ఉన్నాయో తెలియాలి కదా.

ల్యాబుకు పంపేటప్పుడు జరిగే పెద్ద పొరపాటు ఐదారు చోట్ల మట్టి పళ్లెంలో పోసి కలిపి ఒక సంచిలో నింపడం. లోహాలకైతే కొంతవరకు నడుస్తుంది. సాల్వెంట్లు కలిపేటప్పుడే ఆవిరైపోతాయి, రిపోర్టులో ‘లేదు’ అని వస్తుంది. సాల్వెంట్ల పరీక్షకు తవ్విన నిమిషంలోనే గాజు సీసాలోకి తీసుకుని మిథనాల్‌లో ముంచి, ఐసు పెట్టెలో 4 డిగ్రీల దగ్గర పంపాలి.

మట్టి ఎంతవుతుందో చూడండి. 10 × 8 మీటర్లు, ఒక మీటరు లోతు అంటే 80 ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకు 1.8 టన్నుల లెక్కన 144 టన్నులు. పది టన్నుల టిప్పర్లు 15. తవ్వాక మట్టి పొంగి వంద ఘనపు మీటర్ల కుప్ప అవుతుంది. ఇంకో మీటరు లోతు దిగిందంటే అంతా రెట్టింపు. బహుశా పది పన్నెండు డ్రమ్ముల్లో ఉన్న రెండు టన్నుల ద్రవం వల్ల ఇంత. భోపాల్ యూనియన్ కార్బైడ్ ఆవరణలో ఏళ్ల తరబడి గోదాములో ఉన్న వ్యర్థం 337 టన్నులు. దాన్ని 2025 జనవరిలో పీతంపూర్‌కు తరలించి, ఆ తర్వాతి నెలల్లో కాల్చేశారు. అదే ఆవరణలో పాడైన మట్టి 11 లక్షల టన్నులని నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి, మన హైదరాబాద్‌లోని భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్ఐ కలిసి అంచనా వేశాయి. ఆ మట్టి ఇంకా అక్కడే ఉంది. డ్రమ్ముల దశలో పట్టుకోవాలని మేం పదేపదే రాసేది ఈ తేడా వల్లే.

తవ్వకం ఎండాకాలంలో, 30 సెంటీమీటర్ల పొరలుగా సాగాలి. ఒకేసారి జేసీబీ బకెట్ లోతుకు దించితే మంచిదీ చెడ్డదీ కలిసిపోతుంది, ఒక్క టిప్పర్ చెడ్డ మట్టి మంచి కుప్పలో పడితే ఆ కుప్పంతా ప్రమాదకర వ్యర్థం కిందికే వస్తుంది, డబ్బు కూడా దాని లెక్కలోనే. కుప్పను మందపాటి ప్లాస్టిక్ షీటు మీద, చుట్టూ కట్ట వేసి, పైన టార్పాలిన్ కప్పి ఉంచాలి. దుమ్ము లేవకుండా నీటిని తుంపరగా కొట్టాలి, పారేంత కాదు. అడుగు నుంచీ నాలుగు గోడల నుంచీ మళ్లీ నమూనాలు తీసి, రిపోర్టులు వచ్చాకే గుంత పూడ్చాలి. తొందరపడి రిపోర్టు రాకముందే కొత్త మట్టి పోయడం చాలాచోట్ల చూస్తాం, తర్వాత రెండుసార్లు తవ్వాలి.

తీసిన మట్టి ఎక్కడికి పోవాలో టీసీఎల్‌పీ పరీక్ష చెబుతుంది. మట్టికి ఇరవై రెట్లు బరువు పలచని ఆమ్లం పోసి 18 గంటలు గిరగిరా తిప్పి, దిగిన లోహాలు కొలుస్తారు. సీసం లీటరుకు 5 మిల్లీగ్రాములు, కాడ్మియం 1, పాదరసం 0.2 చేరితే అది ప్రమాదకరం.

లోతుగా మొరంలోకి దిగిన సాల్వెంట్‌కు తవ్వకమే దారి కాదు. గొట్టాలు దించి వ్యాక్యూమ్‌తో ఆవిరి లాగి యాక్టివేటెడ్ కార్బన్ మీదుగా పంపే పద్ధతి మొరంలో బాగా పనిచేస్తుంది. జిగట రేగడిలో గాలి కదలదు, అక్కడ ఈ ఖర్చు పెట్టొద్దు. ఈలోగా ఆ పక్క పొలంలో ఆకుకూరలు వేయకండి, ఆ గడ్డి గేదెలకు కోయకండి.

ప్రశ్న: డ్రమ్ములు పడేసిన చోటికి మా బోరు అరకిలోమీటరు. టీడీఎస్ మీటర్‌లో 350 వస్తోంది, బాగానే ఉందంటున్నారు. ఆర్‌ఓ పెట్టుకుంటే చాలా?
(ఒక పాఠకుడు, బొల్లారం)

జవాబు: టీడీఎస్ మీటర్ నీటిలోని లవణాలను కొలుస్తుంది. సాల్వెంట్ ఎంతున్నా దానికి తెలియదు. ఆర్‌ఓ పొర కూడా లవణాలను ఆపినంతగా ఎండీసీ లాంటి చిన్న అణువులను ఆపదు, కార్బన్ ఫిల్టరుకు ఎండీసీ సరిగా అంటదు. మరిగిస్తే నీటిలోంచి వంటగది గాలిలోకి వస్తుంది. నీటిలోని రసాయనాలను విడదీసి గుర్తించే జీసీఎంఎస్ పరీక్ష చేయించండి. బోరు గొట్టంలో నిలిచిన నీటికి మూడింతలు బయటికి వదిలాకే, 40 మిల్లీలీటర్ల గాజు సీసాలో బుడగ లేకుండా అంచుదాకా నింపి ఐసులో పంపాలి. మంచినీళ్ల బాటిల్‌లో పంపిన నమూనా వృథా. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు ఎండీసీకి లీటరుకు 20 మైక్రోగ్రాములు, టోలీన్‌కు 700.

పటాన్‌చెరు, బొల్లారం కింద ఉన్నది గ్రానైటు. పైన మొరం, కింద పగుళ్లున్న రాయి. టోలీన్ నీటి మీద తేలుతుంది, ఎండీసీ నీటికన్నా మూడో వంతు బరువెక్కువ కాబట్టి పగుళ్లలోకి దిగిపోతుంది. పగులు ఎటు పోతే విషం అటు. అందుకే రెండు వందల మీటర్ల దూరంలోని బోరు బాగుండి, అరకిలోమీటరు దూరంలోని బోరు చెడిపోవడం వింతేమీ కాదు. ఎక్కువ తోడే బోరు దాన్ని తనవైపు లాక్కుంటుంది. ఎండిపోయి మూత లేకుండా వదిలేసిన బోరు పై విషాన్ని సూటిగా కిందికి దించే గొట్టం. అలాంటివి మీ వాడలో ఉంటే బెంటొనైటు (తడికి ఉబ్బే బంకమట్టి), సిమెంటు పాలతో అడుగునుంచి పైదాకా పూడ్పించండి. రాళ్లూ మట్టీ పోసి మూసింది మూసినట్టు కాదు.

ప్రశ్న: పారేసినవాడు దొరక్కపోతే ఖర్చు ఎవరిది? దొరికినా ఏళ్ల తరబడి కోర్టులేనా?
(ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, పటాన్‌చెరు)

జవాబు: కాలుష్యం చేసినవాడే ఖర్చు భరించాలన్నది 1996లో రాజస్థాన్ బిచ్చడి కేసులో సుప్రీంకోర్టు గట్టిగా నిలబెట్టిన సూత్రం. 2016 నిబంధనల్లో 23వ నిబంధన అదే బాధ్యతను ఉత్పత్తి చేసినవాడి మీదా, దిగుమతి, ఎగుమతిదారుల మీదా, శుద్ధి కేంద్రం మీదా పెట్టింది. పటాన్‌చెరు కాలుష్యం కేసు 1990లోనే సుప్రీంకోర్టుకు వెళ్లింది, ఏళ్లు పట్టిన మాట మీ ఊరివాళ్లకు మేం చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు ఒక కొత్త దారి ఉంది. 2025 జులైలో కేంద్రం కలుషిత ప్రదేశాల నిర్వహణ నిబంధనలు తెచ్చింది. జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి అనుమానిత స్థలాల జాబితా ఇవ్వాలి. సమాచారం అందిన 90 రోజుల్లో రాష్ట్ర మండలి ప్రాథమిక అంచనా వేయాలి, ఆపై మూడు నెలల్లో వివరంగా పరీక్షించి కలుషితమా కాదా తేల్చాలి. బాధ్యుడు దొరక్కపోయినా, కట్టే స్థితిలో లేకపోయినా శుభ్రపరిచే ఖర్చు కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు పంచుకోవాలి. మీ స్థలం ఆ జాబితాలో ఉందా అని కలెక్టర్ కార్యాలయాన్ని సమాచార హక్కు కింద అడగండి, లేకపోతే చేర్చమని రాతపూర్వకంగా కోరండి. గడువులు లెక్కపెట్టడానికి ఆ రసీదు తేదీయే ఆధారం.

నష్టపరిహారానికీ, నేల బాగుకూ జాతీయ హరిత ట్రిబ్యునల్ చెన్నై ధర్మాసనాన్ని ఆశ్రయించవచ్చు. కారణం మొదట తలెత్తిన ఐదేళ్లలోపు ట్రిబ్యునల్ చట్టం 15వ సెక్షన్ కింద దరఖాస్తు పడాలి. పరిహారం కోరకపోతే రుసుము వెయ్యి రూపాయలు, కోరితే ఆ మొత్తంలో ఒక శాతం.

సాక్ష్యం గురించి ఒక మాట. మీరు సొంతంగా పట్టించిన మట్టి, నీళ్ల రిపోర్టు అధికారులను కదిలించడానికి పనికొస్తుంది. పర్యావరణ పరిరక్షణ చట్టం కింద కేసులో సాక్ష్యంగా నిలబడేది మాత్రం 11వ సెక్షన్ ప్రకారం తీసిన నమూనాయే. అధీకృత అధికారి అప్పటికప్పుడు నోటీసు ఇచ్చి, యజమాని లేదా అతని మనిషి ఎదుట తీసి, సీలు వేసి, ఇద్దరి సంతకాలతో ప్రభుత్వం గుర్తించిన ల్యాబుకు పంపాలి. అధికారి వచ్చిన రోజు అక్కడే నిలబడి ఆ నోటీసు రాశారో లేదో, సీలు వేశారో లేదో చూసుకోండి. అది తప్పితే ఎంత విషం తేలినా ఆ రిపోర్టు కేసులో నిలవదు.